ఆటగాళ్ళను వెతికిన తండ్రీ కొడుకులు



పోయిన నెల గోడపత్రికలో నేను రాసిన 'మన చంపావతి నది' చదివి కొందరు బాగుందన్నారు. కొందరు సోషల్ పుస్తకంలోంచి దించేశావన్నారు. (రెండో మాట కొంత నిజమే.) అందుచేత ఈసారి మన సిలబస్‌లో లేని సంగతి తీసుకున్నాను. ఇది ఫుట్‌బాల్ గురించి. అందులోనూ గోల్ కొట్టేవాళ్ళ గురించి కాదు, గోల్ కొట్టేవాణ్ణి కనిపెట్టేవాళ్ళ గురించి.

ఇది రాయడానికి ఒక కారణం ఉంది. సాయంత్రం ఆటల పీరియడ్‌లో మనం రెండు జట్లు కడతాం కదా. ఒక జట్టుకి నేను కెప్టెన్‌ని. ఇద్దరు కెప్టెన్లం ఎదురెదురుగా నిలబడి ఒక్కొక్కరినీ పిలుచుకుంటాం. ముందు బలంగా ఉన్నవాళ్ళు, తర్వాత బూట్లున్నవాళ్ళు, తర్వాత మన స్నేహితులు. అందరూ అయిపోయాక ఎప్పుడూ ఒకే కుర్రాడు మిగిలిపోతాడు. అతని పేరు రాయను. కొండమీద గూడెం నుంచి వచ్చాడు, సన్నగా ఉంటాడు, అడిగితే తప్ప మాట్లాడడు. "నువ్వు ఔట్ బంతులు తేరా" అని నేనే చాలాసార్లు అన్నాను. మొన్న మా జట్టులో ఇద్దరికి జ్వరం వచ్చింది. మనిషి చాలక అతన్ని ఎడమ చివర నిలబెట్టాం. బంతి దొరకగానే ఎడమకాలితో ఒక్కటి తన్నాడు. అది గ్రౌండు ఈ కొస నుంచి ఆ కొసకు పోయి సరిగ్గా మావాడి కాళ్ళ దగ్గర పడింది. అందరం నోరు తెరిచాం. మూడేళ్ళుగా ఒకే గ్రౌండులో ఉన్నాం, ఒకే డైనింగు హాలులో తింటున్నాం. అతనిది ఎడమకాలి వాటమని నాకు తెలీదు.

ఆ రాత్రి స్టడీ అవర్‌లో ఈ సంగతి పి.ఇ.టి. మాస్టారికి చెప్పాను. ఆయన తిట్టలేదు. "చూడటం కూడా ఒక విద్యేరా. దానికి జీతం ఇచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు, వాళ్ళని స్కౌట్ అంటారు" అన్నారు. నేను ఖాకీ నిక్కరు, మెడలో స్కార్ఫు అనుకున్నాను. ఆ స్కౌట్ కాదట. పెద్ద క్లబ్బులవాళ్ళు ఊరూరా తిరిగి, సందుల్లో, పొలాల్లో ఆడే పిల్లల్ని చూసి, వీడు పనికొస్తాడు అని చెప్పడానికి పెట్టుకునే మనిషి. జర్మనీ, ఇంగ్లండు లాంటి దేశాల్లో ఆట మానేసిన ఫుట్‌బాల్ ఆటగాళ్ళు చాలామంది మొదట కోచ్ అవుతారు, తర్వాత స్కౌట్ అవుతారు. కాళ్ళు అలిసిపోయాక కళ్ళతో ఆడటం అన్నమాట.

చూడటం ఎంత కష్టమో మన ప్రాంతం కథే ఒకటి చెబుతాను. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి గారు చిన్నప్పుడు బరువులెత్తడం నేర్చుకుంటానని వెళితే, సన్నగా ఉంది, పనికిరాదని మొదట చేర్చుకోలేదు. అమ్మ పట్టుబట్టి ధైర్యం చెప్పింది. ఆ సన్నటి పిల్లే 1994లో, 1995లో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఇక మన నెల్లిమర్ల మండలంలోనే ఉన్న కొండవెలగాడ సంగతి మీకు తెలిసిందే. అక్కడి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం గెలిచింది. ఆ ఊళ్ళో పిల్లలు బరువులెత్తుతారని అందరికీ తెలుసు కాబట్టి చూడటానికి వచ్చేవాళ్ళు ఉన్నారు. ఎవరికీ తెలియని ఊళ్ళో ఉన్నవాళ్ళ మాటేమిటి? నా వ్యాసం వాళ్ళ గురించే.

మన తెలుగు నేలమీద ఇలా చూడగలిగిన మనిషి ఒకాయన ఉండేవారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీ జట్టుకు ఆడారు, ఆ తర్వాత ఊళ్ళోని క్లబ్బులకు ఆడారు. కాని ఆటగాడిగా ఆయన పేరు దేశమంతా మోగలేదు. చదువు అయ్యాక ఆయన చేసిన పని మనకు బాగా తెలిసిన పని. బడిపంతులు! కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో స్కూళ్ళలో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల మాస్టారు అయ్యారు. 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు, ఆ వెంటనే భారత జట్టుకు కోచ్ అయ్యారు. పంతులుగారు కాబట్టే అంత మంచి కోచ్ అయ్యారని నా అభిప్రాయం. నలభైమంది ఉన్న క్లాసులో వెనక బెంచీవాడు ఏం చేస్తున్నాడో చూడటం పంతుళ్ళకి అలవాటు కదా. (మన లెక్కల మాస్టారు బోర్డు వైపు తిరిగి ఉండి కూడా చూస్తారు.)

సిటీ పోలీసు జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్పులో కలకత్తా వారి మోహన్ బగాన్‌ను ఓడించింది. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా, కలకత్తా అంటే ఫుట్‌బాల్. అలాంటిది పోలీసు కానిస్టేబుళ్ళ జట్టు ఒకటి దక్షిణాది నుంచి వెళ్ళి కప్పులు పట్టుకొచ్చేది.

ఆయన ఎలా నేర్పేవారో తెలుసుకుంటే మనకు పనికొస్తుంది. కనుక ఇక్కడ కొంచెం ఆగుతాను. రహీం సాబ్ వింత వింత టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో బంతిని డ్రిబ్లింగ్ చేయకూడదు. రాగానే పాస్ ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే తన్నాలి. అంటే కుడికాలి వాళ్ళు ఎడమకాలితో, ఎడమకాలి వాళ్ళు కుడికాలితో. వినడానికి నవ్వులాటగా ఉంటుంది. నేను నిన్న సాయంత్రం ఒక్కణ్ణే గోడ దగ్గర ప్రయత్నించాను. బంతి వంటశాల వైపు పోయింది. కాని ఆలోచించండి. కుడికాలితో మాత్రమే తన్నేవాడు ఎడమవైపు బంతి వస్తే ఏం చేస్తాడు? ఆగుతాడు, ఒంటిని తిప్పుతాడు, కుడికాలి మీదకు తెచ్చుకుంటాడు, అప్పుడు తన్నుతాడు. ఈలోగా అవతలివాడు వచ్చి మీద పడతాడు. రెండు కాళ్ళూ వచ్చినవాడికి ఆ తిప్పుకోవడం లేదు. పరుగులో వేగం పెరగకపోయినా ఆటలో వేగం పెరుగుతుంది. డ్రిబ్లింగ్ వద్దన్నా అంతే. బంతి దగ్గర పెట్టుకునే వీలు లేకపోతే, బంతి రాకముందే ఎవరికి ఇవ్వాలో చూసుకోవాలి. తల ఎత్తి ఆడటం అలవాటవుతుంది. మనం అందరం బంతిని చూస్తూ ఆడతాం. మన ఆట చూస్తే బెల్లంముక్క చుట్టూ చీమలే గుర్తొస్తాయి.

ఇంకో లాభం కూడా ఉందని నాకు తోచింది. ఇది పుస్తకంలో చదివింది కాదు, నా సొంత ఊహ. అందరూ వాటం లేని కాలితో ఆడితే, బలవంతుడు, బలహీనుడు ఒకటైపోతారు. అప్పుడు ఎవడికి బుర్ర ఉందో, ఎవడు ఖాళీ చోటు చూసి పరిగెడతాడో బయటపడుతుంది. కోచ్‌కి కావలసింది అదే కదా.

ఇప్పుడు ఒక కుర్రాడి కథ. తులసీదాస్ బలరాం 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. పేద కుటుంబం. లోకల్ మాచ్‌లలో ఆడుతుంటే రహీం సాబ్ కంట పడ్డాడు. హైదరాబాద్ జట్టు సెలక్షన్‌కి రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి హైదరాబాదు రోజూ రావడానికి నా దగ్గర డబ్బులు లేవండి అన్నాడు బలరాం. ఇంకెవరైనా అయితే, సరే నీ ఇష్టం అని ఇంకొకడిని తీసుకుని ఉండేవారు. ఆటగాళ్ళకేం కొదవ? రహీం సాబ్ మాత్రం అద్దె సైకిలుకు డబ్బులు ఇచ్చి మరీ రప్పించుకున్నారు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టాడు. 1962లో ఆసియా క్రీడల బంగారు పతకం, అదే ఏడాది అర్జున అవార్డు. అనారోగ్యం వల్ల 1963కే పెద్ద ఆట ఆపెయ్యాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూశారు. కనిపెట్టడం ఒక్కటే అయితే సగం పనే. కనిపెట్టినవాడు గ్రౌండు దాకా రావడానికి దారి కూడా చూడాలని నాకు ఈ సైకిలు సంగతి చదివాకే తెలిసింది.

ఇక బూట్ల సంగతి. మనలో సగంమందిమి వట్టి కాళ్ళతోనే ఆడతాం కాబట్టి ఇది అందరూ చదవాలి. ఒకప్పుడు భారత జట్టు కూడా అంతే! 1948లో లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడి, ఫ్రాన్స్ చేతిలో 2-1 తేడాతో మాత్రమే ఓడిపోయారు. అందరూ మెచ్చుకున్నారు. 1950లో బ్రెజిల్‌లో ప్రపంచ కప్పుకు మన జట్టు వెళ్ళలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వమన్నారు కాబట్టి వెళ్ళలేదని చాలామంది చెబుతారు, నేనూ అదే నమ్మాను. కాని అప్పటి కెప్టెన్ శైలేన్ మన్నా గారే తర్వాతి కాలంలో అసలు కారణం అది కాదని చెప్పారు. ఓడలో అంత దూరం ప్రయాణం, ప్రపంచ కప్పు కన్నా ఒలింపిక్సే గొప్పదని మన సంఘంవాళ్ళు అనుకోవడం, ఇలాంటివి అసలు కారణాలు. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం సాబ్ జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. ఆ గోల్ సాహూ మేవాలాల్ కొట్టాడు. ఇంకేముంది, మనకు తిరుగులేదనుకున్నారు. మరుసటి ఏడాది 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌కు వెళితే యుగోస్లావియా 10-1తో చిత్తుగా ఓడించింది. చలి దేశం, మెత్తటి నేల. మనవాళ్ళు చాలామంది వట్టి కాళ్ళతో దిగారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అని మన సంఘం నిర్ణయించింది.

ఇందులో నాకు నచ్చినది ఏమిటంటే, పది గోల్స్ తిన్నాక కూడా రహీం సాబ్ ఆ దెబ్బను దాచుకోలేదు. దానినుంచే నేర్చుకున్నారు. 1953లో హంగరీ జట్టు ఇంగ్లండును వాళ్ళ సొంత వెంబ్లీ మైదానంలోనే 6-3తో ఓడించింది. లోకమంతా గగ్గోలు అయింది. ఆ ఆట విధానాన్ని రహీం సాబ్ శ్రద్ధగా చదివి మన జట్టుకు నేర్పారు. దాన్ని అర్థం చేసుకోవడానికి పక్కన నేను ఎర్ర స్కెచ్‌పెన్‌తో గీసిన బొమ్మ చూడండి. (వంకరగా ఉంది, స్కేలు ఎవరో తీసుకెళ్ళారు. తిరిగి ఇవ్వగలరు.) మామూలుగా సెంటర్ ఫార్వర్డ్ అవతలి గోలు ముందే నిలబడతాడు, అతన్ని ఒక డిఫెండరు కాపలా కాస్తాడు. హంగరీవాళ్ళు ఏం చేశారంటే, హిదెగ్‌కుటీ అనే తమ సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి, మధ్యలోకి లాగారు. ఇప్పుడు ఆ కాపలావాడి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. వెంట వెళితే గోలు ముందు ఖాళీ ఏర్పడుతుంది. వెళ్ళకపోతే ఇతను మధ్యలో తీరిగ్గా బంతి తీసుకుని ఆడిస్తాడు. ఆ రోజు హిదెగ్‌కుటీ ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు.

ఈ కొత్త ఆటతో 1956లో మెల్‌బోర్న్ వెళ్ళారు. ఆస్ట్రేలియాను వాళ్ళ దేశంలోనే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. సెమీ ఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనదే! చివరికి 4-1తో ఓడిపోయాం గాని, నాలుగేళ్ళ కిందటి 10-1 పక్కన పెట్టి చూడండి ఎంత తేడా ఉందో. కాంస్యం మాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. మనకు నాలుగో స్థానం. ఆ జట్టులో అజీజ్, నూర్ మహమ్మద్, లతీఫ్, జుల్ఫికర్, బలరాం లాంటి హైదరాబాదీలు ఉన్నారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకన్నా పైకి ఇప్పటిదాకా వెళ్ళలేదు.

1960లో రోమ్ ఒలింపిక్స్. ఇక్కడ కథలోకి కొడుకు వస్తాడు. రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం, 1939లో పుట్టాడు. అతనూ ఫుట్‌బాల్ ఆటగాడే. రోమ్ జట్టుకు ఎంపికయ్యాడు. నాన్నే కోచ్! మన హాస్టల్లో అయితే 'ఇంకేం, ఈడికి రోజూ చోటే' అంటాం. హంగరీతో 2-1తో ఓడాం, ఫ్రాన్స్‌తో 1-1 సమానం, పెరూతో 3-1తో ఓడాం. మూడు మాచ్‌లలో ఒక్కదాంట్లోనూ హకీం ఆడలేదు. రోమ్ దాకా వెళ్ళి పక్కన కూర్చుని చూసి వచ్చాడు. అతనికి ఎలా అనిపించిందో ఊహించుకోవచ్చు. పక్కన కూర్చోవడం అంటే ఏమిటో మనలో కొందరికి బాగా తెలుసు. నేను ఔట్ బంతులకు పంపిన కుర్రాడికి ఇంకా బాగా తెలుసు.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం సాబ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్. దగ్గుతూనే జట్టుతో ఉన్నారు. మొదటి మాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించాం. థాయ్‌లాండ్ మాచ్‌లో మన డిఫెండరు జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇప్పుడు రహీం సాబ్ చేసిన పని చూడండి. కుట్లున్న ఆ డిఫెండరును సెమీ ఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు! గోల్ ఆపేవాణ్ణి గోల్ కొట్టమని పంపారు. జర్నైల్ పొడగరి, ధైర్యవంతుడు, చదువుకునే రోజుల్లో ముందువరసలో ఆడినవాడు. అది ఆయన మర్చిపోలేదు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం, అందులో జర్నైల్ గోల్ ఒకటి ఉంది.

ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియా. సెప్టెంబరు 4. స్టేడియంలో దాదాపు లక్షమంది జనం, అందరూ మనకు వ్యతిరేకం. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఆ క్రీడలకు రానివ్వకపోవడం తప్పని మన అధికారి ఒకరు అన్నందుకు అక్కడివాళ్ళకు మన మీద కోపం. మన జాతీయగీతం వస్తున్నప్పుడు కూడా గోల చేశారు. ఆ జనంలో మనవైపు అరిచింది ఎవరనుకున్నారు? పాకిస్తాన్ హాకీ జట్టు! ముందురోజు రహీం సాబ్ ఆటగాళ్ళను కూర్చోబెట్టి, నాకు మీనుంచి ఒక బహుమతి కావాలి, రేపు బంగారు పతకం ఇవ్వండి అని అడిగారని ఆ ఆటగాళ్ళే తర్వాత చెప్పుకున్నారు. పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్. ఇరవయ్యో నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్. కొరియావాళ్ళు చివర్లో ఒకటి కొట్టారు. 2-1. బంగారం మనది.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న రహీం సాబ్ చనిపోయారు. వయసు 53 ఏళ్ళు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు బంగారు పతకం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో ఒక కాంస్యం వచ్చింది. అప్పటి కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదువాడే, ఆయనా తర్వాత భారత జట్టుకు కోచ్ అయ్యారు.

కొడుకు సంగతి చాలామందికి తెలీదు. రహీం సాబ్ మీద 2024లో 'మైదాన్' అని హిందీ సినిమా వచ్చింది, అజయ్ దేవగన్ వేశాడు. అది చూసినవాళ్ళు కూడా సినిమా అయిపోయాక కొడుకు ఏమయ్యాడని అడగరు. హకీం వైమానిక దళంలో చేరి స్క్వాడ్రన్ లీడర్ దాకా ఎదిగారు. సర్వీసెస్ జట్టుకు ఆడారు. ఆట ఆపాక విజిల్ పట్టుకుని రిఫరీ అయ్యారు, అదీ అంతర్జాతీయ మాచ్‌లకు. 1988లో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్పులో రిఫరీగా ఉన్నారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పి.కె. బెనర్జీకి సహాయ కోచ్‌గా ఉన్నారు. బెనర్జీ గారు నాన్న శిష్యుడు, ఆ శిష్యుడికి కొడుకు సహాయకుడు. గమ్మత్తుగా లేదూ? మహీంద్రా అండ్ మహీంద్రా జట్టుకు కోచ్‌గా ఉన్నారు. గోవా సాల్గావ్‌కర్ జట్టుకూ శిక్షణ ఇచ్చారు. స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాలో పెద్ద ఉద్యోగం చేశారు.

ఆటగాడు, రిఫరీ, కోచ్ అయ్యాక చివరికి ఆయన చేసిన పని స్కౌట్ పని. 2017 అక్టోబరులో 17 ఏళ్ళలోపు పిల్లల ప్రపంచ కప్పు మన దేశంలో జరిగింది. మనం ఆతిథ్య దేశం కాబట్టి మనకూ ఒక జట్టు కావాలి. దానికోసం దేశమంతా కుర్రాళ్ళను వెతికే పనిలో హకీం గారు బాధ్యత తీసుకున్నారు. అప్పటికి ఆయనకు 75 ఏళ్ళు దాటాయి. మా తాతకు ఆ వయసులో సంతకు వెళ్ళి రావడమే కష్టం. చివరికి కుదిరిన జట్టును చూడండి. కెప్టెన్ అమర్‌జిత్ సింగ్ కియాం మణిపూర్ కుర్రాడు, నాన్న వడ్రంగి, అమ్మ చేపలు అమ్ముతుంది. కోమల్ థటాల్ సిక్కిం కుర్రాడు, అమ్మానాన్నలు బట్టలు కుడతారు. అక్టోబరు 9న ఢిల్లీలో కొలంబియా మీద జీక్సన్ సింగ్ తలతో కొట్టిన గోల్, ప్రపంచ కప్పుల్లో భారత్‌కు మొట్టమొదటి గోల్. అతనిదీ మణిపూరే. మాచ్ 2-1తో ఓడిపోయాం. మూడు మాచ్‌లూ ఓడిపోయాం. అయినా ఆ గోల్ గోలే.

ఆ ఏడాదే హకీం గారికి ధ్యాన్‌చంద్ అవార్డు ఇచ్చారు. 2021 ఆగస్టు 22న గుల్బర్గాలో చనిపోయారు.

స్కౌట్‌లు ఏం చూస్తారని మాస్టారిని అడిగాను. బంతి ఉన్నప్పటి కన్నా బంతి లేనప్పుడు ఏం చేస్తున్నావో ఎక్కువ చూస్తారట. బంతి పోగొట్టుకున్న వెంటనే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతావా, వెనక్కి పరిగెడతావా? బంతి వచ్చే ముందు తల తిప్పి చుట్టూ చూస్తావా? ఒక్కరోజు చూసి చెప్పరు, మళ్ళీ మళ్ళీ చూస్తారు. ఎందుకంటే పన్నెండేళ్ళకు పెద్దగా కనిపించేవాడు పదహారేళ్ళకు అక్కడే ఆగిపోవచ్చు, పొట్టిగా ఉన్నవాడు బేగి ఎదగొచ్చు. వయసు తగ్గించి చెప్పేవాళ్ళుంటారని 17 ఏళ్ళలోపు పోటీల్లో మణికట్టు ఎముకను స్కాన్ తీసి చూస్తారు. మీసాలు గీసుకుని వస్తే సరిపోదు. (ఇది ఎవరికి తగులుతుందో వాళ్ళకు తెలుసు.)

ఈ వ్యాసం చిత్తుప్రతి ఆ ఎడమకాలి కుర్రాడికి చూపించాను. మొత్తం చదివాడు. పేరు రాయనందుకు బాగుందన్నాడు. కుడికాలి వాళ్ళందరూ ఎడమకాలితో ఆడే టోర్నమెంట్ పెడితే నేను దేనితో ఆడాలి అని అడిగాడు. కుడికాలితో అన్నాను. అయితే నేర్చుకోవాలి అని, అప్పుడే బంతి తీసుకుని గోడ దగ్గరకు పోయాడు.

వార్డెన్ గారి అనుమతితో ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకు మన గ్రౌండులో వాటం లేని కాలితో మాచ్ పెడుతున్నాం. బూట్లు ఉన్నవాళ్ళు కూడా విప్పే ఆడాలి. కెప్టెన్లు పిలుచుకోవడం ఉండదు, చీటీలు వేస్తాం. ఈ చార్టు కింద తెల్ల కాగితం అంటించాను. ఆడేవాళ్ళు శుక్రవారం రాత్రి భోజనాల లోపు అందులో పేరు, తరగతి, మామూలుగా ఏ కాలితో తన్నుతారో రాయండి. ఒక పేరు ముందే ఉంది, అది నేను రాసింది కాదు.